పులి అన్న మాటకు వేలం

నా పదవీ విరమణ ఇంకా ఇరవై నెలలు ఉందనగా, ఒక జనవరి మొదటి సోమవారం నాడు, మా యజమాని తిమ్మరాయప్పగారు నాకొక కొత్త బాధ్యత అప్పగించారు. అప్పట్లో నేను తమిళనాడులోని హోసూరు పక్కన మూకండపల్లిలో, చింతపండు గింజ తీసే యంత్రాలు తయారుచేసే చిన్న కర్మాగారంలో సేల్స్ మేనేజరుని. మేనేజరు అనగానే నా కింద పదిమంది ఉండేవారని అనుకోకండి. ఆ విభాగం మొత్తం నేనే. టైపిస్టుగా చేరి, ఎంక్వైరీ గుమాస్తానై, ఇరవై ఆరేళ్లకు అదే కుర్చీలో మేనేజరునయ్యాను. హోదా పెరిగినందుకు కుర్చీకి కొత్త కవరు వేయించారు.

మా యంత్రం సంగతి రెండు మాటల్లో చెబుతాను. పైన తొట్టిలో ఎండిన చింతకాయలు పోస్తే, లోపల రెండు రోలర్లు నలిపి, పైతోలునీ గింజనీ జల్లెడ మీద విడదీసి, పండును వేరుగా బయటికి తోస్తాయి. చేత్తో కొడితే నలుగురు ఆడవాళ్లకు రోజంతా పట్టే పని దీంతో గంటలో తెములుతుంది. కృష్ణగిరి చుట్టుపక్కల చింతపండు పెద్ద వ్యాపారం. అయినా అంతకుముందు రెండేళ్లుగా మా అమ్మకాలు పడిపోయాయి. వ్యవసాయ ప్రదర్శనల్లో స్టాలు పెడితే జనం వచ్చి, మిషను తిరగడం చూసి, కరపత్రం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయేవారు.

అప్పగించిన పని ఏమిటంటే, ఒక కొత్త సెర్చ్ యాప్‌లో మా ప్రకటనలు వేసి చూడడం. తెలుగు, తమిళం, కన్నడం ఏదైనా సరే, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టినా అర్థం చేసుకుని వెతికిపెట్టే యాప్ అది. బెంగళూరు కంపెనీ ఒకటి అప్పుడే మొదలుపెట్టింది. ఎవరైనా ఒక మాట వెతికితే ఫలితాల పైన దానికి సంబంధించిన ప్రకటన కనపడుతుంది. కనపడినందుకు మనం ఏమీ ఇవ్వనక్కరలేదు. చూసిన మనిషి దాన్ని వేలితో నొక్కితేనే, అంటే క్లిక్ చేస్తేనే, మన ఖాతాలోంచి డబ్బు పోతుంది. ఏ మాటకు మన ప్రకటన కనపడాలో మనమే ఎంచుకోవాలి. దాన్ని కీవర్డు అంటారు. ఒకే కీవర్డును ఇద్దరు కోరితే ఆ మాటకు వేలం జరుగుతుంది. ఎక్కువ పాడినవాడి ప్రకటన పైన, తక్కువ పాడినవాడిది కింద.

తిమ్మరాయప్పగారు లేతు మిషను మీద పనిచేసి పైకి వచ్చిన మనిషి. మాటలు కొలిచి మాట్లాడతారు. ఆ రోజు కూడా అంతే.

“ఈ సీజను చూస్తాను శాంతమ్మా. మిషన్లు పది పోతే సరె. పోకుంటే మిషన్లు చేసే షెడ్డు కారు పార్టులు చేసేవాళ్లు అడగతా ఉండారు, వాళ్లకిచ్చేస్తాను. నిన్ను స్టోర్సులో కూర్చోబెడతాను.”

ఆ షెడ్డులో ఆరుగురు ఫిట్టర్లు ఉన్నారు. వాళ్లకు స్టోర్సు కూడా ఉండదు. ఈ మాట ఆయన అనలేదు, నేను అడగలేదు.

మొదటి రెండు వారాలు ఇంగ్లీషు కీవర్డులు పెట్టాను. మా కేటలాగులో యంత్రానికి ఉన్న పొడుగాటి ఇంగ్లీషు పేరు అక్షరం పొల్లుపోకుండా ఎక్కించాను. ఒక్క క్లిక్కూ రాలేదు. ఆ పేరుతో వెతికింది ఇద్దరని యాప్ చూపించింది. అందులో ఒకరు నేనే. రెండోవారు తిమ్మరాయప్పగారు.

లోకంలో మా యంత్రాన్ని ఏమంటారో లోకాన్నే అడుగుదామని కృష్ణగిరి దగ్గరి పోచంపల్లి వారపు సంతకు బస్సెక్కాను. చింతపండు బుట్టల దగ్గర పొద్దున్నించి మధ్యాహ్నం దాకా తిరిగి, కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ అనే మాటలు నోటుపుస్తకంలో రాసుకున్నాను. చింతగింజ మిషను, గింజ కొట్టే మిషను, పుళి మిషను, పుళి గింజ ఒలిచేది. తమిళంలో చింతపండును పుళి అంటారు. మా వైపు తెలుగువాళ్లు కూడా వ్యాపారం మాటల్లో అదే వాడతారు. ఎక్కువమంది నోట వినపడిందీ అదే. ఆఫీసుకు తిరిగొచ్చి, ఇంగ్లీషు అక్షరాల్లో ఆ ఒక్క మాటనే ముఖ్యమైన కీవర్డుగా పెట్టాను. దానికి ఒక ప్రకటన కూడా స్వయంగా కూర్చాను. “పుళితో ఇబ్బందా? ఒక్క ఫోన్ చేయండి. మీ ఊరికే వచ్చి పని ముగిస్తాం.” ఇదీ ఇంగ్లీషు అక్షరాల్లోనే. రాసుకున్నాక రెండుసార్లు చదువుకుని సంతోషపడ్డాను.

ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే పుళికీ పులికీ తేడా ఉండదని నాకు తట్టలేదు. తమిళంలోనూ పులి అంటే పులే. కన్నడం మాట పెట్టినా తప్పించుకునేదాన్ని కాదు. అక్కడ పులి హులి, పులుపు హుళి.

మర్నాటి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. మొదటిది ఒక బడిపిల్ల. ప్రాజెక్టు పనికి బొమ్మ కావాలంది. రెండోవాడు పులివేషం మాస్కులు అద్దెకిస్తారా అని అడిగాడు. రెండింటికీ రాంగ్ నంబరని చెప్పి పెట్టేశాను. మూడో ఫోను మధ్యాహ్నం భోజనమయ్యాక వచ్చింది.

“పులికి వస్తారని రాసినారు కదమ్మా, మీరేనా?”

“మేమేనప్పా. యాడ నుంచి మాట్లాడేది?”

“తళి పక్కన పల్లె. పేరు మునెప్ప. ఎప్పుడొస్తారు?”

“మీరు రమ్మన్న పొద్దు వస్తాము. ఎంత ఉంది మీ కాడ పుళి?”

ఆయన కాస్త ఆలోచించాడు. “ఒగటే కనపడింది మా. ఇంగోటి ఉందేమో తెలీదు.”

“ఒకటంటే, టన్నా?”

“టన్ను యాడుంటుంది మా! దూడంత ఉంటుంది. మీరు ఎంతమంది వస్తారు?”

దూడంత కుప్ప అనుకున్నాను. చిన్న రైతు, పోనీ అనుకుని, ఒక ఫిట్టరూ ఒక డ్రైవరూ వస్తారని చెప్పాను.

“ఇద్దరేనా! వల తెస్తారా?”

“వల ఎందుకప్పా, జల్లెడ దాంట్లోనే ఉంటుంది. మీ కాడ కరెంటు ఉంటే చాలు. త్రీ ఫేజు ఉందా?”

ఆయన గొంతు తగ్గించాడు.

“కరెంటు పెడతారామ్మా?”

“కరెంటు పెట్టకుంటే ఎట్లప్పా? పెడితే అయిదు నిముసాల్లో తోలు వేరు, కండ వేరు.”

“తోలు కూడానా!” ఆయన గొంతు కీచుగా మారింది. “వద్దు మా, వద్దు. ఫారెస్టోళ్లు మమ్మల్ని లోపలేస్తారు. మాకు అది చావొద్దు. ఆడనుంచి పోతే చాలు. నిన్న సాయంత్రం కొట్టం కాడ మేకపిల్లను ఎత్తుకుపోయింది, అంతే.”

అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. మాది చింతపండు మిషనని, ఆ సంగతి అటవీశాఖ రేంజి ఆఫీసుకు చెప్పుకోవాలని గబగబా చెప్పి ఫోను పెట్టేశాను. నవ్వు ఆపుకోలేకపోవడమే అంత తొందరకు కారణం. ఎంక్వైరీ రిజిస్టరులో, పార్టీ పేరు ఎదురుగా, “సంబంధం లేదు” అని రాశాను. సాయంత్రానికి షెడ్డులో ఫిట్టర్లందరికీ ఈ కథ తెలిసిపోయింది. త్రీ ఫేజు లేకపోతే సింగిల్ ఫేజులో చిన్న పులుల్ని తీయగలమా అని ఒకరినొకరు అడుగుతున్నారు.

ఇలాంటి తప్పు క్లిక్కులకు యాప్‌లో మందు ఉంది. ఏ మాటలు కలిస్తే మన ప్రకటన చూపించకూడదో ఒక జాబితా ఇవ్వవచ్చు. దాన్ని నెగటివ్ జాబితా అంటారు. బొమ్మ, వేషం, అడవి, మేక అని రాసుకుని, మర్నాడు ఎక్కించడానికి కూర్చున్నాను. ముందొకసారి మా ప్రకటన ఎలా కనపడుతోందో చూద్దామని నేనే ఆ మాట వెతికాను. మా ప్రకటన రెండో స్థానంలో ఉంది. దానికి పైన ఇంకోటి. “పుళితో ఇబ్బందా? వెంటనే ఫోన్ చేయండి. మీ ఊరికే వస్తాం.” కింద గోవిందరాజు షెడ్డు పేరు.

గోవిందరాజు మా దగ్గర పన్నెండేళ్లు సర్వీసు మెకానిక్కుగా పనిచేసినవాడు. మూడేళ్ల కిందట కృష్ణగిరి దగ్గర సొంతంగా షెడ్డు పెట్టుకుని మాలాంటి యంత్రాలే చేస్తున్నాడు. నన్ను అక్కా అంటాడు. అతని మొదటి జీతం స్లిప్పు టైపు చేసింది నేనే. పోచంపల్లిలో ఎండలో తిరిగి నేను పట్టుకొచ్చిన మాట అతనికెలా అందింది?

యాప్ కంపెనీకి ఫోన్ చేశాను. విజయవాడ వైపు తెలుగులో ఒక అమ్మాయి చాలా ఉత్సాహంగా జవాబు చెప్పింది. “అది మా ప్రత్యేకత అండీ! మీ వ్యాపారంలో ఎవరు మంచి కీవర్డు పెట్టినా, అదే వ్యాపారంలో ఉన్న మిగతా అందరికీ సూచన వెళ్తుంది. ఒక్క బటన్ నొక్కితే వాళ్ల ఖాతాలో కూడా చేరిపోతుంది.” మరి నా కష్టం సంగతేమిటని అడిగాను. ఆ అమ్మాయి దగ్గర దానికి బటన్ లేదు. అయితే రెండు విషయాలు తెలిశాయి. ఒంటి మాటలే సూచనకు వెళ్తాయి, రెండు మూడు మాటలు కలిపి పెట్టిన కీవర్డులు ఎవరికీ చెప్పరు. రెండోది, వేలంలో పైన ఉన్నవాడు తను పాడిన మొత్తం ఇవ్వనక్కరలేదు. తన కింద ఉన్నవాడు పాడినదాని కంటే ఒక మెట్టు ఎక్కువ ఇస్తే చాలు. కింద ఎవరూ లేకపోతే మాత్రం పాడినదంతా కట్టాలి.

ఈ రెండో సంగతి విన్నాక నేను నెగటివ్ జాబితా కాగితాన్ని మడిచి సొరుగులో పెట్టాను.

మీకు అర్థమయ్యే ఉంటుంది. గోవిందు ఒక్కో క్లిక్కుకు ఎంత ఇవ్వాలో నిర్ణయించేది అతని కింద ఉన్న నేను. నేను పెంచితే అతనికి పెరుగుతుంది. పైన ఉన్నందుకు పులి ఫోన్లన్నీ అతనికే. మరునాటి నుంచి పొద్దున ఆఫీసుకు రాగానే కాఫీ తాగి, ఆ ఒంటి మాట మీద నా పాట ఒక మెట్టు పెంచేదాన్ని. కాసేపటికి చూస్తే గోవిందు కూడా పెంచి మళ్లీ పైన ఉండేవాడు. ఇటువైపు రెండు మూడు మాటల కీవర్డులు ఎవరికీ తెలియకుండా పెట్టుకుని, అసలైన గిరాకీని వాటితో పట్టడం మొదలుపెట్టాను. ఆ దారిన మార్చి నెలాఖరుకు నాలుగు మిషన్లు అమ్మాను. ఉద్యోగ జీవితంలో అంత ఆనందంగా ఆఫీసుకు వెళ్లిన రోజులు తక్కువ. యాభై ఏడేళ్ల మనిషిని, బడి బల్లకింద ఇంకొకరి జడకు రిబ్బను కట్టేసిన పిల్లలా ఉండేదాన్ని.

ఒక్క రోజు మాత్రం చెమట పట్టింది. ఆ రోజు నేను పెంచిన గంటకు కూడా గోవిందు ప్రకటన పైకి రాలేదు. మాయమైంది. అంటే ఆ పెద్ద పాటతో పైన ఉన్నది నేను. ఫోను ఆగకుండా మోగింది. ఒకాయన చేతి మీద పచ్చబొట్టుకు మంచి పులి కావాలన్నాడు. ఒకావిడ తన కలలోకి పులి వస్తోందని, దానికి పరిహారం ఏమిటని అడిగింది. పన్నెండు గంటలకల్లా ఆ రోజుకు కేటాయించిన మొత్తం దాదాపు ఖాళీ. హడావిడిగా నా పాట అట్టడుగుకు దించేశాను. మర్నాడు గోవిందు ప్రకటన మళ్లీ కనపడింది. ఖాతాలో డబ్బు అయిపోయి ఉంటుంది, నింపుకున్నాడు అనుకుని, నేనూ మళ్లీ మొదలుపెట్టాను.

ఏప్రిల్ రెండో వారంలో, సీజను ముగింపుకు వస్తుండగా, పోచంపల్లి సంతలో మిషను పెట్టి డెమో ఇస్తున్నాను. గోవిందు బండి మీద వచ్చాడు. మా మిషను శబ్దం విని, ఎడమ బేరింగు అరుగుతోందని పాత అలవాటు కొద్దీ చెప్పి, కాఫీకి పిలిచాడు.

“ఎట్లుంది గోవిందూ వ్యాపారం? ఫోన్లు వస్తా ఉండాయా?” అని అమాయకంగా ముఖం పెట్టి అడిగాను.

“వస్తానే ఉండాయక్కా. అన్నీ పులి ఫోన్లే. మీ పుణ్యమే.”

గ్లాసు కింద పెట్టాను.

“మీరు కాఫీ తాగినాక తొమ్మిదిన్నరకి పెంచుతారు. నేను పదికి పెంచుతాను. ఒకనాడు అనుమానమొచ్చి నాది ఆపి చూసినాను. మధ్యాన్నానికే మీది దిగిపోయె. ఇంగ మీరేనని తెలిసిపోయె.”

“తెలిసీ ఎందుకు పెంచినావప్పా?”

అతను చెప్పినదంతా ఇక్కడ రాయను, సారాంశం రాస్తాను. మొదట్లో పులి ఫోన్లు వస్తే అతనూ విసుక్కున్నాడట. ఒకరోజు తళి వైపు నుంచి మునెప్ప అని ఒకాయన చేశాడు. ఇంకో ప్రకటన వాళ్లు కరెంటు పెడతామన్నారని, మీరైనా మర్యాదగా పట్టుకుంటారా అని అడిగాడు. గోవిందు అతని ఊరు అడిగి, రేంజి ఆఫీసుకు తనే ఫోన్ చేసి, రెండు రోజులయ్యాక మునెప్పకు మళ్లీ చేసి మేకలు బాగున్నాయా అని కనుక్కున్నాడు. ఆ మాటల్లోనే ఇంటి సంగతి వచ్చింది. మునెప్పకు పొలం గట్ల మీద ముప్పై చింతమాన్లు ఉన్నాయి.

“పులి భయం యాడుంటుందక్కా? అడివి పక్కన పల్లెల్లో. చింతమాన్లు జాస్తి యాడుంటాయి? ఆడనే. పులి తిరగతా ఉందంటే ఆడోళ్లు పొద్దు వాలేదాకా మాను కింద కూర్చుని గింజ కొడతారా? ఇంటికి తెచ్చి తొందరగా అయిపోవల్ల వాళ్లకి. బొమ్మలడిగే పిల్లోళ్లు పోగా మిగిలినోళ్లంతా నా పార్టీలే.”

మునెప్ప ఒకటి కొన్నాడు. అతని మాట విని ఆ చుట్టుపక్కల పల్లెల వాళ్లు కొన్నారు. మొత్తం పంతొమ్మిదింటికి గోవిందు అడ్వాన్సు తీసుకున్నాడు. ముగ్గురు మనుషులతో ఏడు చేశాడు. మిగతావి ఈ సీజనులోపల చేయలేక తల పట్టుకున్నాడు.

“అక్కా, మీరొక మాట అయ్యకు చెప్పవల్ల. పన్నెండు మిషన్లు మీ షెడ్డులో చేసిస్తారా? నేను అడిగితే అయ్య తిడతాడు.”

నేను గ్లాసులో మిగిలిన కాఫీ తాగలేకపోయాను. రెండు నెలలకు పైగా నేను అతనికి వేసిన ఉచ్చు అనుకున్నది అతనికి గిరాకీ తెచ్చిపెట్టింది. అందులో మొదటి మనిషి ముందు నాకే ఫోన్ చేశాడు. నేను నవ్వుకోవడానికి ఫోను పెట్టేశాను.

మర్నాడు తిమ్మరాయప్పగారికి విషయం చెప్పాను. పన్నెండు మిషన్ల మాట వినగానే ఆయన కళ్లద్దాలు తీశారు. మరొకరి పేరు మీద తయారుచేసి ఇవ్వడాన్ని మా పరిశ్రమలో జాబ్ వర్కు అంటారు. పేరు వాళ్లది, పని మనది, లాభం తక్కువ. మా షెడ్డు అంతకుముందు ఎన్నడూ ఎవరికీ జాబ్ వర్కు చేయలేదు. గోవిందుకు అన్ని ఆర్డర్లు ఎలా వచ్చాయని ఆయన అడిగారు. అబద్ధం చెప్పే వీలు లేక మొత్తం చెప్పాను, రోజూ తొమ్మిదిన్నరకు చేసిన పనితో సహా.

“అంటే మన దుడ్డు పెట్టి వాని అంగడికి గిరాకీ తోలినావు.”

“మన దుడ్డు కాదయ్యా,” అన్నాను. “వాని దుడ్డే పెట్టించినాను.”

ఆయన లేచి షెడ్డులోకి వెళ్లి, పన్నెండు ఫ్రేములకు ఇనుము కొయ్యమని ఫిట్టర్లకు చెప్పి, మిషన్ల మీద గోవిందు పేరు రేకు ఎవరూ వంకరగా బిగించకూడదని హెచ్చరించారు. కారు పార్టుల వాళ్లకు షెడ్డు ఇవ్వలేదు. నేను స్టోర్సుకు పోలేదు. ఆర్డరు ఖరారు ఉత్తరం టైపు చేసి, కింద సంతకం కోసం గోవిందుకు పంపాను. అతను సంతకంతో పాటు, ఆ ఒంటి మాట మీద ఇక ఇద్దరం పెంచుకోవద్దని పెన్సిలుతో రాసి పంపాడు. ఒప్పుకున్నాను.

ఆ ఏడాది నేను నేర్చుకున్నది చిన్న విషయం. ఎంక్వైరీ గుమాస్తానైన కొత్తలో నాకు ఎవరూ చెప్పనిది. అడిగిన వస్తువు మన దగ్గర లేదని తేలగానే ఎంక్వైరీ ముగిసిందని ఇరవై ఆరేళ్లు అనుకున్నాను. అడిగిన మనిషిది ఏ ఊరు, ఏ పంట, ఇంట్లో ఏ పని జరుగుతోంది అని కనుక్కోవడానికి రెండు నిమిషాలు పడుతుంది. మరుసటి సీజనులో తప్పు ఫోన్లను కూడా పూర్తిగా విన్నాను. రిటైరయ్యేలోపు ఆ ఫోన్ల వల్ల మూడు మిషన్లు అమ్మగలిగాను. ఫోన్లో అందరూ పులి అన్న ఆ చిరుత సంగతి చూసింది ప్రతిసారీ అటవీశాఖ వారే.